దెయ్యం చెప్పిన సాక్ష్యం

"ఈ మాట్లాడేది అమ్మాయి కాదు," అన్నాడు గొడుగాయన. అంతే, ఆ ఒక్క మాటతో పిట్ట పని అయిపోయింది.

అప్పటిదాకా ప్రార్థన హాలంతా నోళ్ళు తెరుచుకుని పిట్ట వైపే చూస్తోంది. పిట్ట అంటే లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పిల్ల. నిద్ర లేచింది మొదలు వసపిట్టలా వాగుతూనే ఉంటుందని చిన్నప్పుడు ఎవరో అన్న మాట పేరై కూర్చుంది. ఆ ఆదివారం ఆరాధన చివర్లో గొడుగాయన అందరి తలల మీదా చెయ్యి పెట్టి దీవిస్తూ వరస వెంట వస్తున్నాడు. ఆ చెయ్యి తన దాకా వచ్చేసరికి పిట్ట దిగ్గున లేచింది. "ముట్టుకోకు! గుడ్డల గదిలో ముట్టుకున్నది చాలు!" అని అరిచింది. అరిచి ఊరుకుందా? లాండ్రీలో గుడ్డల గది తలుపు మూసి ఆయన ఏం చేశాడో, ఎక్కడ చెయ్యి వేశాడో, తను మోచేత్తో పొడిచి ఎలా బయటపడిందో, పూసగుచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టింది.

గొడుగాయన లాండ్రీలో సూపర్‌వైజరు, సంఘంలో పెద్ద. ఎండైనా వానైనా ముంజేతికి నల్ల గొడుగు వేలాడాల్సిందే. దాని పిడి బాతు తల. పనివాళ్ళ బల్లల మీద ఆ బాతు ముక్కుతో టకటకా కొట్టి తొందర పెట్టడం ఆయనకి సరదా. మందిరంలో ఇంకో సరదా ఉంది. ఎవరు సాక్ష్యం చెప్పడానికి లేచినా, మాట సగంలో ఉండగానే అందరికంటే ముందు "ఆమేన్!" అనేస్తాడు. ఆ గొంతు విని పిల్లలు ఉలిక్కిపడతారు, ముసలివాళ్ళు మురిసిపోతారు. అటువంటి మనిషి మీద లాండ్రీ పిల్ల నింద వేస్తే ఎవరు నమ్ముతారు చెప్పండి!

"ఆ గొంతు విన్నారా అయ్యగారూ? ఆ కళ్ళు చూశారా? సంఘాన్ని చీల్చడానికి దూరింది. సాతాను నోట నిజం వస్తుందా ఎప్పుడైనా?" అన్నాడు గొడుగాయన మెల్లగా, ఎంతో జాలిపడుతున్నవాడిలా.

పాస్టరుగారు పెద్దవయసు మనిషి. ప్రార్థించి ప్రార్థించి గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. ఆయన మనసులో కల్లాకపటం లేదు. దురాత్మ అనగానే నూనె సీసా అందుకుని వచ్చేశారు. ఆడవాళ్ళు నలువైపులా మూగి పిట్టని నేల మీద పడుకోబెట్టారు, చుట్టూ చేతులు ఎత్తారు. లాండ్రీలో ఇస్త్రీ చేసే పిన్ని ఆ పిల్ల కాళ్ళు కదలకుండా పట్టుకుంది. కుడిచేతి మణికట్టు పట్టుకున్నది ఎవరనుకున్నారు? పిట్ట అక్క. సొంత అక్క.

అక్క కూడా నమ్మింది మరి! మొన్నటిదాకా గలగలా వాగిన పిల్ల నాలుగు రోజులుగా అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంటుంటే, ఏమైందే అంటే చెప్పకపోతే, ఇదా సంగతి అనుకుంది. "యేసు నామంలో బయటికి పో! పిల్లని వదిలి బయటికి పో!" అని అందరితో పాటు గొంతు చించుకుంది.

"నేనే అక్కా! మాట్లాడేది నేనే! నేనే!" అంది పిట్ట గింజుకుంటూ.

ఆ పిల్ల నేనే అన్నకొద్దీ వీళ్ళ ప్రార్థన హెచ్చింది. చివరికి పిట్ట అరవడం మానేసింది. గింజుకోవడం మానేసింది. పైకప్పు వైపు చూస్తూ పడుకుంది.

"వదిలింది," అన్నారెవరో. "హల్లెలూయ!"

"ఆమేన్!" అన్నాడు గొడుగాయన, అందరికంటే ముందు.

ఇంటికొచ్చాక అక్క కొబ్బరినూనె తీసుకుని పిట్ట చేతులకి రాయబోయింది. మణికట్టు చుట్టూ వేళ్ళ ముద్రలు. వాటి మధ్య ఒకచోట గుండ్రంగా, పూవు ఆకారంలో చర్మం నొక్కుకుపోయి ఎర్రగా కందింది. అక్క తన వేలి ఉంగరం వైపు చూసుకుంది. అదే పూవు.

"అదంతా నిజమేనా పిట్టా? ఆ గది సంగతి?"

పిట్ట చెయ్యి లాక్కుని, "నేను చెప్తే ఏం లాభం? చెప్పేది నేను కాదుగా," అని అటు తిరిగి పడుకుంది.

అక్కకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. గొడుగాయన మీద మొదలైన మంట పాస్టరుగారి మీదికీ, పిన్ని మీదికీ, తన మీదికీ పాకింది. తన మీద ఉన్నదాన్ని కూడా తీసుకెళ్ళి గొడుగాయన నెత్తినే వేసింది. పిల్ల మీద చెయ్యి వేసింది చాలక, దాని నోట్లో మాటని కూడా దాన్నుంచి లాగేసుకున్నాడు. సొంత అక్క చేతనే పట్టించాడు. వీడి పీడ వదలాలి. అందరి ముందూ వదలాలి. ఆ మందిరంలోనే వదలాలి. ఉంగరం తీసి బియ్యం డబ్బాలో పడేసింది.

సోమవారం లాండ్రీలో పిట్ట లేదు. దుప్పటి మడతంటే ఇద్దరి పని. చెరొక అంచూ పట్టుకుని వెనక్కి లాగి ఫట్‌మని విదిలించాలి, ముడతలు పోయాక ఒకరి వైపు ఒకరు నడవాలి, మూలకి మూల కలపాలి, ఒకరు అంచు అందిస్తే ఇంకొకరు వంగి మడత అందుకోవాలి. అక్కా పిట్టా చేస్తే చూడముచ్చటగా ఉండేది. పిట్ట నోరు మాత్రం ఆగేది కాదు. దుప్పటి మీద మరక కనిపిస్తే చాలు, దాని మీద పడుకున్న మనిషి ఎవరో, ఏం తిన్నాడో, పెళ్ళాంతో ఎందుకు పోట్లాడాడో అల్లేసేది. "నోర్ముయ్యవే, పని చూడు," అనడమే అక్క పని. ఇవాళ ఎదురుగా ఇస్త్రీ పిన్ని నిలబడింది. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, వంగలేదు. మూలలు కలవడం లేదు.

ఆవిరికి అద్దాలన్నీ చెమర్చాయి. గుడ్డల గది తలుపు దగ్గర టకటకా చప్పుడు. గొడుగాయన అక్కడ నిలబడి ఎవరినో తొందర పెడుతున్నాడు. అక్క అటు చూడలేదు. దుప్పటి అంచుని మెలితిప్పి పట్టుకుంది, మెడ పట్టుకున్నట్టు.

"ఎలా ఉందే పిల్లకి?" అంది పిన్ని జాలిగా. "నీ చెల్లెలి తప్పేం లేదులే. లోపల ఉన్నది అలా అనిపించింది. ఎంత మాట అంది పెద్దాయన్ని!"

"నిజమేమో పిన్నీ, ఆ మాట?"

"చాల్లే! దెయ్యం నిజం చెప్తుందా ఎక్కడైనా? దాని వరసే తిరకాసు. మంచివాణ్ణి చూస్తే తిట్టిపోస్తుంది. చెడ్డవాణ్ణి చూసిందనుకో, నెత్తిన పెట్టుకుని పొగుడుతుంది. తన మనిషి కదా మరి! అయ్యగారు ఎన్నిసార్లు చెప్పలేదు?"

అక్క చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"ఏమైందే? లాగు."

"ఏమీ లేదు పిన్నీ. ఇంకోసారి చెప్పు. చెడ్డవాణ్ణి చూస్తే?"

"పొగుడుతుంది."

అక్క దుప్పటిని ఫట్‌మని విదిలించింది. పిన్ని చేతిలోంచి అంచు జారిపోయింది. "మెల్లగా తల్లీ, ఏమిటా బలం!" అని పిన్ని నవ్వింది. అక్క కూడా నవ్వింది. పొద్దుటి నుంచీ అదే మొదటిసారి.

ఆ మర్నాడు గొడుగాయన తనే మడత బల్ల దగ్గరికి వచ్చాడు. బాతు ముక్కుతో బల్ల మీద ఒకసారి కొట్టి, తేనె పూసినట్టు మాట్లాడాడు. "శుక్రవారం ఉపవాస ప్రార్థనకి చెల్లెల్ని తీసుకురామ్మా. ఇంకా ఏమైనా మిగిలుంటే అయ్యగారు పూర్తిగా వదిలిస్తారు. సోమవారం నుంచి పనిలోకి వచ్చేయొచ్చు. పాపం, ఆవిరిలో ఉండలేకపోతోంది. గుడ్డల గదిలో వేస్తాలే, నీడపట్టున ఉంటుంది."

ఏ మొహం పెట్టుకుని అంటున్నాడో చూడండి! ఇంకొకతె అయితే వేడి ఇస్త్రీ పెట్టె ఆ మొహానికి ఆనించేది. అక్క తల వంచుకుని, "మీ దయ. తప్పకుండా తీసుకొస్తానండీ," అంది. ఆయన తృప్తిగా వెళ్ళిపోయాడు. దొంగపిల్లి నడక కూడా అంత మెత్తగా ఉండదు.

ఇక మిగిలింది గొంతు. ఆరబెట్టే యంత్రం పెద్దగా మోగుతుంది కాబట్టి దాని పక్కన నిలబడి సాధన చేసింది. లావుగా అంది, కీచుగా అంది, పళ్ళ సందుల్లోంచి బుసకొట్టింది. మధ్యలో యంత్రం ఠక్కున ఆగిపోయింది. పిన్ని తల తిప్పి చూసింది.

"ఏమే, గొంతు పట్టిందా? వేడినీళ్ళలో ఉప్పేసి పుక్కిలించు," అంది.

గురువారం సాయంత్రం అన్నం వండుతూ ఉండగా అక్కకి భయం పట్టుకుంది. నవ్వులాట కాదు కదా. ప్రభువు పేరు పలికితే దురాత్మలు గడగడా వణుకుతాయని నమ్మే మనిషి ఆమె. ఆ నామం ముందు నిలబడి లేని దెయ్యం పట్టినట్టు ఆడితే ఆయన చూస్తూ ఊరుకుంటాడా? ఆడుతూ ఉండగా నిజం దెయ్యమే వచ్చి దూరితే? గరిటె పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. "ప్రభువా, నేను చేసేది తప్పే. ఆ కాసేపు నువ్వు అటు తిరుగు. తర్వాత నన్నేం చేస్తావో చెయ్యి. వాణ్ణి మాత్రం వదలకు," అంది. అన్నం అడుగంటింది. పిట్ట ఆ మాడు అన్నమే నోరు మెదపకుండా తింది. మాడిందని కూడా అనలేదు. పిట్టేనా, మాడితే ఊరంతా చాటింపు వేసే పిల్లేనా! అక్క భయం అక్కడితో పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం వాన కుండపోతగా కురుస్తోంది. మందిరం గుమ్మం పక్కన ప్లాస్టిక్ డ్రమ్ములో గొడుగులన్నీ కలగాపులగంగా ఉన్నాయి, అన్నీ నల్లవే. బాతు తల మాత్రం పైకి తేలి కనిపిస్తోంది. అక్క చుట్టూ చూసింది. ఎవరూ చూడటం లేదు. ఆ గొడుగు లాగి, చీర చెంగు కప్పి, వెనక బల్ల కిందికి తోసేసింది. ఎందుకు చేసిందో తనకే తెలియదు. చేతులు ఊరుకోలేదు, అంతే.

పిట్టని గుమ్మం దగ్గర ఆఖరి కుర్చీలో కూర్చోబెట్టింది. "నువ్వు లేవక్కర్లేదు. ఏం జరిగినా లేవకు," అంది.

పాటలయ్యాయి. పాస్టరుగారు చెయ్యి చాపి, "పాపని ముందుకి తీసుకురండి," అన్నారు. పక్కనే గొడుగాయన నూనె సీసా పట్టుకుని నిలబడ్డాడు.

అక్క లేచింది. ముందుకు నడిచింది. కుర్చీల మధ్యకి రాగానే మోకాళ్ళు వదిలేసి దబ్బున పడింది. జుట్టు ఊడదీసుకుని తల గిరగిరా తిప్పింది. హాలంతా ఒక్కసారిగా లేచింది. "అయ్యో, దీంట్లోకి దూకిందే!" అని పిన్ని గుండెలు బాదుకుంది.

పాస్టరుగారు పరుగున వచ్చారు. "యేసు నామంలో అడుగుతున్నాను. ఎందుకొచ్చావు?"

అక్క కిచకిచా నవ్వి, సాధన చేసిన గొంతు తీసింది. "పోయిన వారం నన్ను తరిమేశారుగా. మళ్ళీ వచ్చాను. సాక్ష్యం చెప్పడానికి వచ్చాను."

"ఎవరి గురించి?"

"ఆ పెద్దాయన గురించి. ఆయన బంగారం! ఆ పిల్ల నోట్లో ఉన్నప్పుడు ఆయన మీద నింద వేశాను. పొరపాటైపోయింది. గుడ్డల గదిలో ఆయన ఎవరినీ ముట్టుకోలేదు. అంత నీతిమంతుడు ఈ సంఘంలోనే..."

"ఆమేన్!"

మాట ఇంకా పూర్తే కాలేదు. ఎప్పటిలాగే, అందరికంటే ముందు, అదే గొంతు. కానీ ఎప్పటిలా దాని వెనక ఇంకొక గొంతు కలవలేదు.

వాన చప్పుడు ఒక్కటే. పిన్ని నోటి మీద చెయ్యి వేసుకుని, "అయ్యగారూ," అంది సన్నగా, "దెయ్యం పొగిడితే పెద్దాయన ఆమేన్ అన్నారండీ."

గొడుగాయన నూనె సీసాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అది... నోటికి అలవాటు కొద్దీ... అయినా చెప్పింది నిజమే కదండీ," అన్నాడు.

పాస్టరుగారు ఆయన వైపు తిరిగారు. "దాని నోట నిజం రాదని పోయిన ఆదివారం నువ్వే అన్నావు."

"ఆ రోజు సంగతి వేరు..."

"ఏం వేరు? అప్పుడు నింద వేస్తే అబద్ధమైంది. ఇప్పుడు పొగిడితే నిజమైందా?"

గొడుగాయన గుమ్మం వైపు చూశాడు. నేల మీద జుట్టు చాటున అక్క ఆ మొహాన్ని కళ్ళారా చూసుకుంది. ఎన్ని రోజుల ఆకలో తీరినట్టయింది. ఇంకో రెండు పొగడ్తలు దాచి ఉంచింది, వాటితో వీణ్ణి పాతాళానికి దింపాలనుకుంది. ఇంతలో పాస్టరుగారు ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల మీద చెయ్యి పెట్టారు. అరవలేదు. ఆ బొంగురు గొంతుతో, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు, "యేసు నామంలో ఆజ్ఞాపిస్తున్నాను. నిజం చెప్పు. ఎవరు నువ్వు?" అన్నారు.

అక్క నోరు తెరిచింది. ఆ లావు గొంతు కోసం వెతుక్కుంది. రాలేదు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆ నామం చెవిలో పడ్డాక అబద్ధం నాలుక మీదికి ఎక్కనంటోంది. నిజాన్ని ఎంత మింగుదామన్నా ఆగలేదు.

"నేను దాని అక్కని అయ్యగారూ," అంది తన గొంతుతో. "నాలో ఏమీ లేదు. పోయిన ఆదివారం దానిలోనూ ఏమీ లేదు. దాని చెయ్యి విరిచి పట్టుకున్నాను, నేనే."

గొడుగాయనకి ప్రాణం లేచొచ్చింది. "చూశారా! నాటకం! దేవుడి మందిరంలో నాటకం! ఇద్దరూ కూడబలుక్కుని నా పరువు తీయడానికి చేశారు. వీళ్ళని గెంటేయండి ముందు!"

జనం గుసగుసలాడారు. కొందరు తలలూపారు కూడా. అయిపోయింది, అనుకుంది అక్క. వల వేసింది తనే, దాన్ని చింపుకున్నదీ తనే. ఇక పిట్ట మాట ఈ జన్మలో ఎవరూ వినరు. నేల మీద కూర్చుని ఏడవడానికి కూడా సిగ్గేసింది.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

పిట్ట వస్తోంది. లేవకే అంటే లేచింది. ఎవరి వైపూ చూడకుండా కుర్చీల మధ్య నుంచి నడిచి వచ్చి గొడుగాయన ఎదుట నిలబడింది. పాస్టరుగారు, "చెప్పమ్మా, ఈసారి నిన్నే అడుగుతున్నాను," అన్నారు.

పిట్ట కథ చెప్పలేదు. ఒకసారి చెప్పింది కదా, అదే చాలు. ఆదివారం తన మీద అందరూ ఎత్తినట్టే ఒక చెయ్యి ఎత్తింది. మణికట్టు చుట్టూ పచ్చబడ్డ ముద్రలు అందరికీ కనిపించాయి. అరవలేదు, ఏడవలేదు. అన్నం పెట్టమని అడిగినంత మామూలుగా అంది.

"యేసు నామంలో చెప్తున్నాను. బయటికి పో."

గొడుగాయన నవ్వబోయాడు. పాస్టరుగారి వైపు చూశాడు. ఆయన తల వంచుకుని ఉన్నారు.

"ఆమేన్," అంది ఒక గొంతు. కిటికీ పక్క నుంచి, లాండ్రీలో గుండీలు కుట్టే అమ్మాయి. ఎవరి వైపూ చూడకుండా ఒడిలోని చేతుల వైపు చూసుకుంటూ అంది. "ఆమేన్," అంది ఇంకొకతె గోడ దగ్గర నుంచి, ఆమెదీ లాండ్రీయే. మూడోసారి పిన్ని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఆమేన్ తల్లీ," అంది. గుడ్డల గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో లాండ్రీ ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా! ఇన్నాళ్ళూ ఎవరికి వారే నోరు కుట్టేసుకున్నారు, అంతే.

నూనె సీసా బల్ల మీద పెట్టి గొడుగాయన గుమ్మం వైపు నడిచాడు. అక్కడ డ్రమ్ములో చెయ్యి పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. ఒకటి తీశాడు, ఆయనది కాదు. ఇంకొకటి తీశాడు, కాదు. వంగి అడుగుదాకా కెలికాడు. సంఘం మొత్తం కుర్చీల్లో వెనక్కి తిరిగి ఆయన వీపునే చూస్తోంది. ఎవరూ లేవలేదు, నాది తీసుకోండి అనలేదు. చివరికి ఉత్త చేతులతో వానలోకి దిగాడు. నాలుగడుగులు వేసేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అక్క అదంతా కళ్ళతో తాగేసినట్టు చూసింది. ఒక్క క్షణం కూడా జాలేయలేదు. ఎందుకేయాలి?

పాస్టరుగారు పిట్ట ముందు నిలబడి, "గద్దించాల్సినవాణ్ణి పక్కన పెట్టుకుని నిన్ను గద్దించాను తల్లీ," అన్నారు. పిట్ట ఆయన వైపు నిదానంగా చూసింది. ఫర్వాలేదండీ అనలేదు. క్షమించానని కూడా అనలేదు. ఆయనా అడగలేదు.

బాతు తల గొడుగుని అక్కే బయటికి తీసి గుమ్మం కొక్కేనికి తగిలించింది. "అది అక్కడే ఉండనీ. కావాలంటే అందరూ ఉన్నప్పుడు వచ్చి తీసుకుంటాడు," అన్నారు పాస్టరుగారు. ఆదివారం వచ్చింది, వెళ్ళింది. గొడుగు అక్కడే వేలాడుతోంది.

సోమవారం లాండ్రీలో టకటకా చప్పుడు లేదు. గుడ్డల గది తలుపు బార్లా తెరిచి ఉంది, దానికి అడ్డంగా ఎవరో బట్టల తోపుడుబండి నిలిపారు. మడత బల్ల దగ్గర అక్కకి ఎదురుగా పిట్ట నిలబడింది. చెరొక అంచూ అందుకున్నారు. వెనక్కి లాగి విదిలించారు. ఒకరి వైపు ఒకరు నడిచి మూలకి మూల కలిపారు. పిట్ట ఏమీ మాట్లాడలేదు. ఇంకో దుప్పటి. ఇంకోటి. పిల్ల చేతులు పాత పని మరచిపోలేదు కానీ నోరు మూసే ఉంది. వాణ్ణి తరిమాను, దీన్ని తెచ్చుకోలేకపోయానా, అనుకుంది అక్క.

నాలుగో దుప్పటికి ఇద్దరి వేళ్ళూ అంచు దగ్గర కలిసినప్పుడు పిట్ట అక్క మొహంలోకి చూసింది.

"అక్కా."

"ఊఁ?"

"నీ గొంతు దెయ్యంలా అస్సలు లేదు. జలుబు చేసిన దున్నపోతులా ఉంది. ఎలా నమ్మారే వీళ్ళంతా? పైగా ఆ తల తిప్పడం ఒకటి! కళ్ళు తిరిగి నిజంగానే పడతావేమోనని నేను వెనక్కూర్చుని..."

నోర్ముయ్యవే, అనబోయి అక్క నాలుక కరుచుకుంది.

"ఊఁ, చెప్పు," అంది, వంగి మడత అందుకుంటూ. "తర్వాత?"